మెషిన్ షాపులో ఎల్‌ఈడీ హైబే లైట్లు: ఏడాది వాడాక

మా మెషిన్ షాపులో 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు తీసేసి 150 వాట్ల ఎల్‌ఈడీ హైబేలు (ఎత్తైన కప్పు నుంచి వేలాడే పెద్ద లైట్లు) పెట్టించి ఏడాదైంది. పాతవి చోక్‌తో కలిపి ఒక్కోటి దాదాపు 450 వాట్లు లాగేవి. కరెంటు ఒక్కసారి పోయొస్తే, అవి చల్లారి మళ్లీ వెలిగేదాకా 10-15 నిమిషాలు పని ఆగిపోయేది. ఇప్పుడు స్విచ్ వేయగానే వెలుగు. లేత్ దగ్గర వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) గీతలు టార్చి లేకుండా చదువుతున్నాను. నాకు అన్నిటికన్నా ఇదే గొప్ప.

అయితే బిగించినవాళ్లు మొదట చవక డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటు అందించే పెట్టెలు) పెట్టారు. వెలుగు సన్నగా అదిరేది. అలాంటి వెలుగులో గిర్రున తిరిగే చక్ (లేత్‌లో పనిముక్కను పట్టుకునే భాగం) ఆగినట్టు కనిపించొచ్చు, పొరపాటున చేయి పెడితే అంతే! పట్టుబట్టి ఫ్లికర్ లేని డ్రైవర్లు వేయించాను.

నడవల్లో మనిషి కదిలితే లైటు వెలిగించే సెన్సర్లు బాగున్నాయి. మెషిన్ల పైన మాత్రం వద్దు, కదలకుండా కొలత చూస్తుంటే లైట్లు ఆరిపోతాయి.