మాల్గుడికి మూడు అడ్రసులు, కుప్పళికి ఒకటే

ఆర్.కె. నారాయణ్ తన కథల్లో కల్పించిన మాల్గుడి అనే లేని ఊరిని వెతుక్కుంటూ వెళ్ళే పాఠకుడికి కర్ణాటకలో మూడు మజిలీలు దొరుకుతాయి. నేను మూడూ చూశాను. అయితే మనసు మాత్రం దారిలో తగిలిన నాలుగో ఊళ్ళో చిక్కుకుంది.

మొదటిది మైసూరు యాదవగిరిలో ఆర్.కె. నారాయణ్ ఇల్లు. 2011లో పడగొట్టబోతుంటే జనం గొడవ చేసి ఆపించారు, 2016లో మ్యూజియంగా తెరిచారు. రెండంతస్తుల తెల్లటి ఇల్లు, శుభ్రంగా ఉంచారు. కింద ఫొటోలు, పుస్తకాలు గబగబా చూసేయొచ్చు. పైన చుట్టూ కిటికీలున్న గదిలో మాత్రం కాసేపు కూర్చోండి. ఆయన రాసుకున్న చోటు అది. మిగతా ఇల్లు బోసిగా ఉంది, సంసారం ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు.

మైసూరు నుంచి తాళగుప్ప వెళ్ళే రైలు శివమొగ్గ దాటాక అరసాళు వస్తుంది. నారాయణ్ కథలతో తీసిన 'మాల్గుడి డేస్' టీవీ సీరియల్లో మాల్గుడి స్టేషన్ ఇదే. పాత స్టేషన్ భవనాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. సీరియల్‌కి కళాదర్శకుడిగా పనిచేసిన జాన్ దేవరాజే దీన్నీ తీర్చిదిద్దారు. ఫొటోలకు బాగుంటుంది, పిల్లలకు నచ్చుతుంది. కాకపోతే ఇది సీరియల్ తీసిన శంకర్ నాగ్ మాల్గుడి, నారాయణ్‌ది కాదు. అన్ని రైళ్ళూ ఆగవు, ముందే చూసుకోండి.

తీర్థహళ్ళిలో రాత్రికి బస్టాండు దగ్గర ఓ లాడ్జిలో దిగాను. గది పర్లేదు. వేడినీళ్ళు పొద్దున వస్తాయన్నారు, రాలేదు. అడిగితే "కరెంటు సార్" అని నవ్వాడు.

అక్కడి నుంచి ఆటోలో కుప్పళి. కన్నడ కవి, నవలాకారుడు కువెంపు పెరిగిన ఇల్లు. నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ నున్నగా అరిగిన కొయ్య స్తంభాలు, వ్యవసాయ పనిముట్లు, వంటింటి సామాను. ఇంటి వెనక గుట్టెక్కితే కవిశైల అనే బండ. ఆయన సమాధి అక్కడే. ఆ బండ మీద కువెంపు, ఆయన గురువులు బి.ఎం. శ్రీకంఠయ్య, టి.ఎస్. వెంకణ్ణయ్య చెక్కిన పేర్లున్నాయి. వేలితో తడిమితే గాడి ఇంకా తెలుస్తోంది. కింద చూపు ఆనినంత మేర అడవి. ఆయన నవలల్లో మనుషులు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటారెందుకో ఇక్కడ నిలబడితే అర్థమైంది. ఈ లోయల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడమే ఓ కథ. నాకు కన్నడం అంతంతమాత్రం, ఈ కొండలతో ఏ చుట్టరికమూ లేదు. అయినా తెలిసినవాళ్ళ పెరట్లో నిలబడ్డట్టే అనిపించింది. (పక్కనే ఎవరో ఫోన్లో పాటలు పెట్టారు. అదొక్కటే నస.)

చివరికి ఆగుంబె. సీరియల్లో కుర్రాడు స్వామి ఇల్లుగా కనిపించే దొడ్డమనె ఇక్కడిదే. ఇంటివాళ్ళే అతిథులను ఉంచుకుంటారు. ఇంత ఇవ్వాలని బిల్లు వేయరు, తోచినంత ఇవ్వడమే. ముందుగా ఫోన్ చేసి వెళ్ళాలి. హోటల్ సౌకర్యాలు కావాలంటే ఇది మీకు కుదరదు. నాకైతే మాల్గుడి పేరు పెట్టుకున్న చోట్లన్నిటిలో మనుషులు కాపురముంటున్నది ఇదొక్కటే అనిపించింది. వానాకాలంలో వెళ్తే మాత్రం జలగలకు సిద్ధపడండి. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లు దాటి కురిసే చోటు.

సమయం తక్కువైతే అరసాళు వదిలేయండి. కుప్పళికి పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం వరకూ ఉండేలా ఆటోవాడితో ముందే మాట్లాడుకోండి. కవిశైల దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం.