ఒంటికాలి లెక్కతో మూడేళ్లు

నా సైకిల్‌కి ఎడమ క్రాంక్‌కి (పెడల్ బిగించే కడ్డీకి) మాత్రమే ఉండే పవర్ మీటర్, అంటే తొక్కే పవర్‌ని వాట్లలో కొలిచే పరికరం, వాడుతూ మూడేళ్లు దాటింది. వానకు తట్టుకుంటుందా, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది లాంటివి వదిలేస్తున్నాను. నా కోపమంతా దాని గుణకారం మీదే. అది కొలిచేది ఎడమకాలి పవర్‌ని మాత్రమే. దాన్నే రెట్టింపు చేసి మొత్తం పవర్ అని చూపిస్తుంది.

మొదటి ఏడాది ఆ సంగతి పట్టించుకోలేదు. పైగా కనిపించినవాళ్లందరికీ కొనమని చెప్పాను. ఎత్తు వస్తే చాలు ఎగబడి తొక్కే నన్ను 150 వాట్ల దగ్గర కట్టేసి ఉంచింది మరి.

దెబ్బ తగిలింది 400 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్‌లో. గడువు 27 గంటలు. 260 దాటాక ఎడమ మోకాలు సలపడం మొదలైంది. నాకు తెలియకుండానే భారం కుడికాలి మీదికి పోయింది. తెరమీద అంకె 120కి పడింది. నీరసపడ్డాననుకుని గట్టిగా తొక్కి మళ్లీ 150కి తెచ్చాను. అంటే ఎడమకాలు 75, కుడికాలు వందకు దగ్గర్లో. నిజంగా తొక్కుతున్నది 170 పైమాటే. హార్ట్ రేట్ ఎప్పటికన్నా 12 ఎక్కువ చూపిస్తోంది. గంటల తరబడి తొక్కితే ఒంట్లో నీరు తగ్గి, అదే పవర్‌కి గుండె వేగం పెరగడం మామూలేగా అని సర్దిచెప్పుకున్నాను. రాత్రి చల్లగానే ఉంది, నీళ్లూ తాగుతూనే ఉన్నాను. అయినా బుర్ర వెలగలేదు! 330 దగ్గర కుడి తొడ పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. గడువులోపే చేరాను గానీ, మిగిలిన 70 నత్తనడకే.

తర్వాత స్నేహితుడి దగ్గర రెండు వైపులా కొలిచే పెడల్స్ తెచ్చి బిగించాను. బయల్దేరినప్పుడు ఎడమకాలి వాటా 48 శాతం, మూడు గంటలయ్యాక 44. 20 నిమిషాల టెస్ట్ పవర్‌లో 95 శాతం తీసుకుని వేసుకున్న నా జోన్లన్నీ (ఎంత గట్టిగా తొక్కాలో చెప్పే పవర్ హద్దులు) అలసట లేని కాళ్లవన్నమాట. నేను అంతగా మెచ్చుకున్న ఆ 150 కూడా మొదటి మూడు గంటలకే పనికొచ్చే అంకె.

ఎప్పుడో ఎడమ మడమ బెణికి సరిగా మానలేదు, తేడా దానివల్లే కావచ్చు. రెండు కాళ్లూ సమంగా పనిచేసేవాళ్లకు ఈ గొడవ ఉండకపోవచ్చు. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని ఒకేచోట నిలిపి తొక్కే స్టాండ్) మీద గంటసేపు ఇంటర్వెల్స్‌కి (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కడానికి) నేనూ దాన్నే వాడుతున్నాను. లాంగ్ రైడ్‌లో మాత్రం మూడో గంట దాటగానే తెరమీద పవర్ కనిపించని పేజీకి మారిపోతాను.