మిచిగన్ ఉత్తర అడవులు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి

మిచిగన్ ఎగువ ద్వీపకల్పానికి వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో మేపుల్ ఆకుల ఎరుపు చూడటానికే వెళతారు. ఆ రంగులు బాగుంటాయి, కాదనను. కానీ అడవిలోని మొక్కలను చూడాలనుకునేవారికి మే నెల రెండో సగమే సరైన సమయమని నా అభిప్రాయం. షుగర్ మేపుల్, బాస్‌వుడ్ చెట్లు పూర్తిగా ఆకు తొడిగేలోపు కొద్ది వారాలు మాత్రమే ఎండ నేలదాకా దిగుతుంది. ఆ వ్యవధిలోనే స్ప్రింగ్ బ్యూటీ, ట్రౌట్ లిలీ, డచ్‌మన్స్ బ్రీచెస్ వంటి చిన్న మొక్కలు మొలిచి, పూచి, గింజ కట్టి, పైన నీడ చిక్కబడేసరికి ఆకులు రాల్చుకుని మళ్ళీ భూమిలోని దుంపలుగా మిగిలిపోతాయి. మే చివరికల్లా నల్ల ఈగలు మొదలవుతాయి కనుక ముఖానికి వల తప్పనిసరి.

మేము మాకినా వంతెన దాటి మొదట మ్యూనిసింగ్ దగ్గరి పిక్చర్డ్ రాక్స్‌లో ఆగాము. ఇసుకరాతి చరియల పడవ విహారానికి పెట్టిన డబ్బు దండగ కాదు, అంతకుమించి దాని గురించి చెప్పనవసరం లేదు. నేను ఎక్కువసేపు చూసినవి అక్కడి బీచ్ (beech) అనే జాతి చెట్లు. నున్నటి బూడిదరంగు బెరడు మీద దూది అంటించినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి; అవి పొలుసు పురుగులు తమ మీద కప్పుకున్న మైనపు నూగు. ఆ పురుగులు రసం పీల్చిన చోట బెరడు దెబ్బతింటే, శిలీంధ్రం లోపలికి చేరి చెట్టును చంపుతుంది. 1890 ప్రాంతంలో ఐరోపా నుంచి కెనడాలోని నోవా స్కోషియాకు చేరిన ఈ తెగులు మిచిగన్‌లో 2000లో బయటపడింది. జబ్బుపడిన బీచ్ పచ్చగా ఉండగానే నడిమికి విరిగిపోగలదు కాబట్టి గుడారం దాని కింద వేయకూడదు.

పశ్చిమానికి పోయేకొద్దీ బీచ్ చెట్లు కనుమరుగై, మేపుల్‌కు తోడు హెమ్లాక్, ఎల్లో బర్చ్ చెట్లు ఎక్కువవుతాయి. 1945లో ఏర్పడిన పోర్కుపైన్ మౌంటెన్స్ పార్కు సుమారు 60,000 ఎకరాలు. అందులో సగానికి పైగా గొడ్డలి పడని అడవి. అందరూ వెళ్ళే లేక్ ఆఫ్ ది క్లౌడ్స్ దృశ్యస్థలం కారు దిగి కొద్ది నిమిషాలు నడిస్తే వస్తుంది, పెద్దవాళ్ళకు అనువు. అయితే అక్కడ అడవి పైనుంచి కనిపిస్తుందే తప్ప దానిలో మనం ఉండము. నా ఓటు ప్రెస్క్ ఐల్ నది జలపాతాల బాటకే. ఆ పరిసరాల్లో ఒక ముసలి ఎల్లో బర్చ్ నేలకు పైన, వేళ్ళ మీద నిలబడి ఉంది. బర్చ్ గింజ చాలా చిన్నది; దాని లేతవేరు మేపుల్ ఆకుల మందపాటి పరుపును చీల్చుకుని మట్టిని అందుకోలేదు కాబట్టి, నాచు పట్టిన కుళ్ళు దుంగ మీద మొలిచి, దాని చుట్టూ వేళ్ళు దించుతుంది. వందేళ్ళకు దుంగ మట్టైపోయి వేళ్ళ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో నా చెయ్యి మోచేతి దాకా దూరింది.

బసకు పార్కు లోపలి చెక్క గదులే ఉత్తమం. బల్ల మంచాలు, కట్టెల పొయ్యి, వంట గిన్నెలు ఉంటాయి. కరెంటు, కుళాయి ఉండవు, మరుగుదొడ్డి బయట. వాగు నీటిని వడపోసుకుని తాగాలి, రైస్ కుక్కర్‌ను ఇంట్లోనే వదిలేయాలి. గదికి చేరడానికి సామానుతో మైళ్ళు నడవాల్సి రావచ్చు, నెలల ముందే అవి నిండిపోతాయి. కరెంటు, వేడినీళ్ళ స్నానం కావాలంటే యూనియన్ బే శిబిరస్థలం చాలు. బయట మేము దిగిన మోటల్‌లో చెమ్మవాసన, పనిచేయని ఫ్రిజ్. ధర మాత్రం సరస్సు ఎదురుగా ఉన్న గదిది. శాకాహారులు తిండి వెంట తీసుకెళ్ళడం మేలు.

ప్రశాంతతకు మాత్రం వాటర్స్‌మీట్ దగ్గరి సిల్వేనియాకు సాటి లేదు. ఉక్కు కంపెనీ పెద్దలు చేపల వేటకు క్లబ్బు పెట్టుకోవడంతో నరికివేత తప్పించుకున్న ఈ 18,000 ఎకరాల పైచిలుకు అడవిని 1966లో ప్రభుత్వం కొన్నది. ఇక్కడి సమస్య వినడానికి విడ్డూరంగా ఉంటుంది: మన పొలాల్లో మేలు చేసే వానపాము ఇక్కడ చేటు. హిమానీనదాలు తుడిచిపెట్టిన ఈ నేలలో సహజంగా వానపాములు లేవు. గాలానికి ఎరగా తెచ్చినవాటిని ఒడ్డున పారబోస్తే, ఆ ఐరోపా జాతులు ఆకుల పరుపును తినేసి, మేపుల్ మొలకలకు, ట్రిలియం వంటి మొక్కలకు ఆధారం లేకుండా చేస్తాయి. పడవలు దించే చోట నేల నగ్నంగా గట్టిపడి ఉంటే, లోపల అడుగు మెత్తగా దిగబడుతుంది. బూట్ల మట్టి దులుపుకుని వెళ్ళడం అవసరం.

క్లార్క్ సరస్సు శిబిరస్థలానికి కారు వెళుతుంది, లోపలి బసలకు కానో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేయాలి లేదా నడవాలి. సిల్వేనియా ఉన్న గోగెబిక్ కౌంటీలో గడియారం, పోర్కుపైన్ పార్కులో ఎక్కువ భాగం ఉన్న పక్క ఆంటనాగన్ కౌంటీ కంటే గంట వెనక నడుస్తుంది. ప్రెస్క్ ఐల్ జలపాతాలు కూడా గోగెబిక్‌లోకే వస్తాయి కాబట్టి, బస సమయాలు చూసుకునేటప్పుడు ఏ కౌంటీ వేళో అడిగి రాసుకోవడం మంచిది.