లాక్రాస్ కర్ర: కడ్డీ భేష్, వలతోనే తంటా

లాక్రాస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. అమెరికాలో మేముండే మేరీల్యాండ్‌లో ఇదే రాష్ట్ర అధికారిక టీమ్ ఆట. మావాడూ మొదలెట్టాడని ఈ కర్ర ఆన్‌లైన్‌లో తెప్పించాను. అల్యూమినియం కడ్డీ తేలిగ్గా ఉంది, చేతిలో జారదు. రోజూ గోడకేసి బాదుతున్నా చిన్న సొట్ట కూడా పడలేదు. గొడవంతా వలతోనే. ఫ్యాక్టరీలో మరీ బిగించి అల్లారు, బంతి ఇలా పడి అలా ఎగిరిపోతోంది. తాళ్లు వదులు చేసి, రాత్రంతా బంతి కుక్కి ఉంచితే కాస్త గుంట పడింది. వానకు తడిస్తే మళ్లీ మొదటికే.

పొడవు 41 అంగుళాలు, సిక్సెస్ అనే పొట్టి రకం లాక్రాస్‌కూ పనికొస్తుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడేది అదే: జట్టుకు ఆరుగురు, ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. 1904, 1908 తర్వాత పతకాల ఆటగా మళ్లీ ఇప్పుడే. ఒలింపిక్ కమిటీ ఓకే చేసింది 2023లో, మన ముంబైలోనే! 1908 లండన్‌లో ఆడినవి రెండే జట్లు, కెనడా 14-10తో బ్రిటన్‌ను ఓడించింది. ఆ మ్యాచ్‌లో కెనడా ఆటగాడి కర్ర విరిగితే, ఇంకోటి తెచ్చుకునేదాకా తానూ బయటుంటానన్నాడట బ్రిటన్ ఆటగాడు.

ఇది మాత్రం విరిగే రకం కాదు. వల వేరేగా అల్లించుకునే ఓపికుంటే కొనండి, లేదంటే వద్దు. మూడు స్టార్లు.