లా స్కాలా హార్న్ స్పీకర్లు: ఏం మార్చాను, ఏది వదిలేశాను

పాత హార్న్ స్పీకర్ల (గరాటాలాంటి గొట్టంతో శబ్దాన్ని పెంచేవి) జోలికి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే: డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, కొనే ముందు క్రాసోవర్ సంగతి చూడండి. బేస్, మధ్య, పై స్వరాలను విడదీసి ఏ డ్రైవర్‌వి దానికి పంపే సర్క్యూటే క్రాసోవర్. క్లిప్ష్ అనే అమెరికన్ కంపెనీ 1970లలో చేసిన లా స్కాలా స్పీకర్ల జతను ఏళ్ళ తరబడి వింటూ, ఒక్కో భాగం మారుస్తూ వచ్చాను. ఎక్కువ డబ్బు పోసిన చోట తక్కువ తేడా, తక్కువ ఖర్చయిన చోట ఎక్కువ తేడా కనిపించాయి.

అసలు ఇవి ఇంటి కోసం పుట్టినవి కావు. అర్కాన్సాలోని హోప్ అనే చిన్న ఊళ్ళో ఆ కంపెనీ పెట్టిన పాల్ క్లిప్ష్ 1963లో వీటిని రూపొందించింది, విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ గవర్నర్ ఎన్నికల ప్రచారం కోసమని చెబుతారు. మన ఎన్నికల ఆటోల మీది మైకులకు దూరపు చుట్టాలన్నమాట! మేముండే డాలస్ నుంచి హోప్ కారులో కొన్ని గంటల దారే. నా జత ఒక చర్చి హాల్లో పనిచేసి మా ఇంటికొచ్చింది. ఒక్కో పెట్టెను లేపడానికి ఇద్దరు కావాలి.

1 వాట్‌కే మీటరు దూరంలో 104 డెసిబెల్స్ దాకా శబ్దం వస్తుంది. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ 86, 87 దగ్గర ఆగుతుంది. ఆ తేడాను పవర్‌లో చెబితే దాదాపు 50 రెట్లు. లోపల మూడు హార్న్‌లున్నాయి. 400 హెర్ట్జ్ వరకు మడతల హార్న్‌లో 15 అంగుళాల వూఫర్ (బేస్ డ్రైవర్), అక్కడి నుంచి 6,000 వరకు పొడవాటి అల్యూమినియం హార్న్ వెనక కె-55-వి డ్రైవర్, ఆపైన సన్నటి పై స్వరాలకు కె-77 ట్వీటర్. ఘంటసాల పాడుతుంటే గొంతులోని నిండుదనం కింది వూఫర్‌ది, పలుకంతా ఆ మధ్య హార్న్‌ది. అందుకే ఈ స్పీకర్ మంచిచెడ్డలు మధ్యలోనే తేలతాయి.

వచ్చిన కొత్తలో గొంతులు దుప్పటి కప్పుకున్నట్టు ఉండేవి. నా జతలో ఉన్నది 'AA' అనే రకం క్రాసోవర్. చెక్క పలక మీద డబ్బాల్లాంటి ఆయిల్ కెపాసిటర్లు, మధ్య హార్న్ శబ్దాన్ని తగ్గించే ఒక ఆటోట్రాన్స్‌ఫార్మర్, కాయిల్స్, ట్వీటర్ కాలిపోకుండా రెండు జీనర్ డయోడ్లు. మీటర్ పెట్టి చూస్తే కెపాసిటర్ల విలువ పెద్దగా మారలేదు కానీ లోపలి నిరోధం, అదే ఈఎస్ఆర్, బాగా పెరిగిపోయింది. 13 మైక్రోఫారడ్‌ది ఒకటి, ట్వీటర్ దారిలో 2 మైక్రోఫారడ్‌వి రెండు, అదే విలువల్లో మామూలు పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు కొని టంకం పెట్టాను. రెండు స్పీకర్లకూ కలిపి ఒక సాయంత్రం పని. వీణ మీట తగిలిన చప్పుడు, దాని వెనక తీగ మోగడం విడివిడిగా వినిపించింది ఆ రోజే. బంగారం ధర పలికే కెపాసిటర్లు కూడా అరువు తెచ్చి పెట్టి విన్నాను. నా చెవికి తేడా దొరకలేదు.

దుప్పటి తీసేశాక ఇంకో తలనొప్పి మొదలైంది. సన్నాయి, వయొలిన్ పైస్థాయికి వెళ్ళినప్పుడు మధ్య హార్న్ గదమాయిస్తున్నట్టు ఉండేది. మాది కార్పెట్ లేని గది, అది కొంత కారణం. ఆటోట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కో ట్యాప్‌కి (తీగ తగిలించే చోటు) 3 డెసిబెల్స్ తగ్గుతుంది. తీగను మైనస్ 3 నుంచి మైనస్ 6కి మార్చాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్యాప్ దిగితే కెపాసిటర్‌కి కనిపించే ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) రెట్టింపవుతుంది, క్రాసోవర్ పాయింట్, అంటే మధ్య హార్న్ పని మొదలయ్యే హెర్ట్జ్, కిందికి జారుతుంది. కాబట్టి 13ను కూడా సగానికి, అంటే 6.8కి దించాలి. ఈ లెక్క వదిలేసి ట్యాప్ ఒక్కటే మార్చి, స్పీకర్ పాడైందనుకునేవాళ్ళు ఉన్నారు. చేతికయిన ఖర్చు రెండు కెపాసిటర్లు. ఇంతకంటే పెద్ద మార్పు తర్వాత నేను చేసిన దేనితోనూ రాలేదు.

డ్రైవర్ల విషయానికొస్తే, కె-77 ఫినాలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) డయాఫ్రమ్ ట్వీటర్. డయాఫ్రమ్ అంటే అదురుతూ శబ్దం పుట్టించే పలచటి పొర. పైకి పోయేకొద్దీ నీరసపడుతుంది. టైటానియం డయాఫ్రమ్ ఉన్న కొత్త ట్వీటర్ పెట్టాక తాళాల మోతకు కొస దొరికింది. పాత మోనో రికార్డింగుల్లో మాత్రం సూది గీత కూడా అంతే స్పష్టంగా వినిపిస్తోంది, అది కొందరికి నచ్చదు. మధ్య డ్రైవర్‌కి కూడా టైటానియం పెట్టి కొన్నాళ్ళు విన్నాను. వివరం పెరిగింది, గొంతులో మనిషితనం తగ్గింది. తిరిగి ఆ పాత కె-55-వి డ్రైవర్‌నే బిగించాను. ఆ అల్యూమినియం హార్న్‌ను వేలితో కొడితే గంటలా మోగేది. బయటివైపు కార్లకు వాడే డ్యాంపింగ్ షీట్ అంటించాక ఆ మోత చచ్చింది.

మధ్య హార్న్ పొడుగు వల్ల దాని డ్రైవర్ ఎక్కడో వెనక ఉంటుంది, ట్వీటర్ ముందు పలక మీదే ఉంటుంది. ట్వీటర్ శబ్దం మిల్లీసెకన్‌కు పైగా ముందే వచ్చేస్తుంది. మామూలు క్రాసోవర్ దీన్ని సరిదిద్దలేదు. ట్వీటర్‌ని పెట్టె మీద పెట్టి, వెనక్కి జరుపుతూ విని, మృదంగం దెబ్బ ఒక్క చోట కుదురుకున్న దగ్గర ఆపాను. చూడ్డానికి అందంగా లేదు. ఇంట్లోవాళ్ళ అభిప్రాయం ఇక్కడ రాయను.

బేస్ మాత్రం ఎన్ని వూఫర్లు మార్చినా 50 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే హార్న్ పొడుగే అంత. సినిమాలు చూసేవాళ్ళు సబ్‌వూఫర్ పెట్టుకోవాల్సిందే. వూఫర్ గది పక్క పలకలు గట్టిగా పెడితే అదురుతాయి, అడ్డంగా ఒక చెక్క బిగిస్తే చాలావరకు పోతుంది.

ఆంప్లిఫయర్ పెద్దది అక్కర్లేదు, నిశ్శబ్దంగా ఉండేది కావాలి. వేరే స్పీకర్లలో వినపడని 'హిస్' ఇక్కడ కుర్చీ దాకా వస్తుంది. నాకు రోజువారీ వినడానికి కొద్ది వాట్ల ట్యూబ్ ఆంప్ సరిపోతోంది.

తీసేసిన కెపాసిటర్లు, జీనర్ డయోడ్లు, కె-77 ట్వీటర్లు అన్నీ పేర్లు రాసి ఒక డబ్బాలో దాచాను. ఎప్పుడైనా అమ్మితే కొనేవాళ్ళు ముందు అడిగేది అసలు భాగాలున్నాయా అనే.