అసెట్టో కోర్సా కాంపెటిజియోనే: పిట్ పేజీ మీద నా మమకారం

ఈ కార్ రేసింగ్ గేమ్ 2019లో వచ్చింది. దృశ్యాలు ఎంత బాగుంటాయో, ఇంజిన్ శబ్దం ఎంత సహజంగా ఉంటుందో అందరూ ఎప్పుడో రాసేశారు, నేను వాటి జోలికి పోను. దీన్ని ఇన్నేళ్లయినా కంప్యూటర్‌లోంచి తీసేయకపోవడానికి నాకున్న కారణం ఒక్కటే: స్టీరింగ్ మీద బటన్ నొక్కితే తెర మూలన తెరుచుకునే చిన్న పిట్ పేజీ. పిట్ అంటే రేసు మధ్యలో కారు ఆపి ఇంధనం పోయించుకుని, టైర్లు మార్పించుకునే చోటు. ఎంత ఇంధనం పోయాలి, ఏ టైర్ల సెట్టు వేయాలి, ఒక్కో టైరులో ఎంత గాలి ఉండాలి అన్నీ అందులోనే. అదీ కారు నడుపుతూనే తేల్చుకోవాలి. పక్కవాడు నా తలుపుకు తలుపు ఆనించి మలుపులోకి దూరుతున్నా సరే, ఒక్కో నొక్కుకు 0.1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున గాలి సరిచేసుకుంటూ పోవాలి.

పెట్రోల్ బంకులో ఒక అంకె చెప్పి నెలరోజులు మరిచిపోయే గాలి కాదిది. పొడి ట్రాక్ మీద జీటీ3 అనే తరగతి రేసు కారు టైరు వేడెక్కాక ఒత్తిడి 26, 27 పీఎస్‌ఐ మధ్య నిలవాలి. మనం పెట్టేది బయలుదేరేటప్పటి అంకె. రెండు మూడు ల్యాపుల (ట్రాక్ చుట్టూ తిరిగే చుట్ల) తర్వాత అది ఎక్కడికి చేరుతుందన్నది మన అంచనా. బయటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఒత్తిడి సుమారు 0.1 పెరుగుతుందని ఆడేవాళ్లు లెక్క వేసుకుంటారు. సవ్య దిశలో తిరిగే ట్రాక్‌లో భారమంతా ఎడమ టైర్ల మీద పడుతుంది, అవే ముందు కాగుతాయి, కాబట్టి వాటిని కాస్త తక్కువతో పంపాలి.

దీని విలువ నాకు బెల్జియంలోని స్పా ట్రాక్ మీద తెలిసింది. ఒక ఆన్‌లైన్ లీగ్‌లో గంటన్నర రేసు. సగం దగ్గర వాన అందుకుంది, అందరం పిట్‌కు వెళ్లి వాన టైర్లు వేయించుకున్నాం. చివరి అరగంటలో వాన తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు ఎలా ఉంది, పది నిమిషాలకు ఎలా ఉంటుంది, అరగంటకు ఎలా ఉంటుంది అని గేమ్ చూపించే సూచనలో మబ్బు తప్ప చినుకు లేదు. ముందున్నవాళ్లు వరసగా పిట్‌లోకి తిరిగి గాడులు లేని స్లిక్ టైర్లతో, అంటే పొడి ట్రాక్ టైర్లతో, బయటికొచ్చారు. డల్లాస్‌లో కూర్చుని నా రేసు చూస్తున్న జట్టు మిత్రుడు ఫోనులో ఒకటే గోల: “ఏమిటి బావా, అందరూ మార్చేశారు, నువ్వింకా తిరుగుతూనే ఉన్నావు?”

నేను ఆగడానికి కారణం ఉంది. వాన ఆగగానే ట్రాక్ ఆరిపోదు. కార్లు నడిచే బాట ముందు ఆరుతుంది, దాని పక్కన తడి అలాగే ఉంటుంది. స్పాలో ఒక్క ల్యాపే ఏడు కిలోమీటర్లు. వాన టైర్లు కాగుతున్నాయని తెర మీద కనిపిస్తూనే ఉంది, అందుకే కెమెల్ అనే తిన్నని రోడ్డు పొడవునా బాట వదిలేసి నీళ్లలోంచి నడిపి వాటిని చల్లార్చుకున్నాను. ఈలోగా స్లిక్‌ల మీద ఉన్న ఇద్దరు ‘ఓ రూజ్’ అనే మలుపు దాటేలోపే గడ్డిలోకి జారారు. ఆ తిరుగుడులోనే పిట్ పేజీ తెరిచాను. వానతో ట్రాక్ చల్లబడింది, టైరుకు మామూలంత వేడి అందదు, కాబట్టి వేయించుకోబోయే స్లిక్‌లు నాలుగింటికీ గాలి పెంచాను, ఎడమవైపు కొంచెం తక్కువగా. పిట్ నుంచి వచ్చాక రెండో ల్యాపు ముగిసేసరికి నాలుగు టైర్ల గుర్తులూ ఆకుపచ్చగా మారాయి, అంటే ఒత్తిడి సరిపోయింది. తొమ్మిదో స్థానం నుంచి ఐదుకు చేరాను. దారిలో ఎవరితోనూ పోటీపడి దాటింది లేదు. నాకు ఇలా కంప్యూటర్ మీద ఆడే సిమ్ రేసింగ్‌లో అంతకంటే తృప్తి మరెప్పుడూ కలగలేదు.

అయితే ఇదంతా విని ఫార్ములా వన్‌లో చూసినంత ఎత్తుగడల యుద్ధం దొరుకుతుందనుకోకండి. ఇక్కడ పొడి టైర్ల అరుగుదల తక్కువ. గంటసేపు నడిపినా టైరు కుప్పకూలదు. ముందుగా పిట్‌కు వెళ్లి కొత్త టైర్ల వేగంతో ముందువాణ్ణి దాటడం అక్కడ పెద్ద ఆయుధం, ఇక్కడ దాని పదును సగమే. వాన లేని రోజు ఎప్పుడు పిట్‌కు వెళ్లాలన్నది చాలావరకు రద్దీ తప్పించుకునే లెక్కే. పైగా 2023లో వచ్చిన 1.9 అప్‌డేట్‌తో సరైన ఒత్తిడి అంకెలే మారాయి. అంతకుముందు 27 దాటి ఉండాల్సినవి కిందికి దిగాయి. ట్రాకుల వారీగా నోటుపుస్తకంలో రాసుకున్నవన్నీ కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. నాకు ఆ పని ఇష్టమే, అందరికీ ఇష్టం కావాలని లేదు.

నా పరిస్థితి కూడా చెప్పాలి. యూరప్ సాయంత్రం మొదలయ్యే రేసు ఇక్కడ హైదరాబాదులో దాదాపు అర్ధరాత్రి. పెళ్లయినా పిల్లల్లేరు, మర్నాడు ఆలస్యంగా లేచినా అడిగేవారు లేరు. స్టీరింగ్‌ను భోజనాల బల్లకే బిగించుకున్నాను. నాకున్నంత తీరిక ఉండి, లీగ్‌లో చేరి గంటకు మించిన రేసులు ఆడగలిగితే, ఈ పేజీ కోసమే కొన్నా తప్పులేదు. ఎవరికివాళ్లు చేరే సర్వర్లలో వాన లేని ఇరవై నిమిషాల రేసులకు పిట్ పేజీ తెరవాల్సిన అవసరమే రాదు. అలా ఆడేవాళ్లు గేములమ్మే స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో ధర తగ్గే రోజు కోసం ఆగవచ్చు, తరచుగానే తగ్గుతుంటుంది.