సిగ్నల్ యాప్ రివ్యూ: ఇవ్వడానికేమీ లేని సర్వర్

2016 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని వర్జీనియా తూర్పు జిల్లా గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చేయాలో వద్దో తేల్చే పౌరుల బృందం) నుంచి సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ సంస్థకు సమన్లు అందాయి. ఖాతాదారుడి పేరు, అడ్రసు, ఎవరెవరితో మాట్లాడాడు, ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో ఆ ఫోన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి వచ్చాడు... అన్నీ ఇమ్మన్నారు. సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే రెండు ముక్కలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వర్‌కు ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. మిగతావి దాచిపెట్టి లేవని బొంకలేదు. అసలు వాళ్ల దగ్గర లేవు.

మెసేజింగ్ యాప్‌ను తూచాల్సిన తక్కెడ ఇదే. "ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది" అనే మాట ఇప్పుడు అందరూ అంటున్నారు. అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ, సర్వర్ కూడా, చదవలేని తాళం. వాట్సాప్‌లోనూ ఉంది. పైగా అది సిగ్నల్ తయారు చేసిన ప్రోటోకాలే (ఆ తాళం వేసే పద్ధతి), 2016 ఏప్రిల్‌కల్లా పూర్తిగా అమర్చారు. కాబట్టి లోపలి మాట విషయంలో రెండూ గట్టివే. తేడా అంతా కవరు మీద ఉంది. ఎవరు, ఎవరికి, ఎన్నింటికి, ఎంత తరచుగా అన్న లెక్కను మెటాడేటా అంటారు. అర్ధరాత్రి ఒక విలేకరి నంబరుకూ ఒక ప్రభుత్వ ఉద్యోగి నంబరుకూ మధ్య నాలుగు మెసేజ్‌లు నడిచాయని తెలిస్తే చాలు, అందులో ఏం రాసుకున్నారో చదవాల్సిన పని లేదు. టెలిగ్రామ్ సంగతి వేరే. అందులో మామూలు చాట్‌లకూ గ్రూపులకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. "సీక్రెట్ చాట్" విడిగా తెరిస్తేనే, అదీ ఇద్దరి మధ్యే. దాన్ని రహస్య యాప్ అని పిలవడం ఎలా అలవాటైందో గానీ, మానుకుంటే మంచిది.

సిగ్నల్ ఆ కవరును కూడా కొంతవరకు కప్పుతుంది. 2018లో వచ్చిన "సీల్డ్ సెండర్" పద్ధతిలో కవరు మీద "టు" అడ్రసు మాత్రమే ఉంటుంది, "ఫ్రమ్" లోపల ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. గ్రూపు పేరు, అందులో ఎవరున్నారు, ప్రొఫైల్ ఫొటో... ఇవి కూడా సర్వర్‌కు అర్థం కాని రూపంలోనే నిల్వ ఉంటాయి. అయితే కనెక్ట్ అయిన క్షణంలో ఐపీ అడ్రసు సర్వర్‌కు కనిపించక తప్పదు. దాన్ని రాసిపెట్టుకోవడం లేదన్నది గణితం ఇచ్చే హామీ కాదు, సంస్థ ఇచ్చే మాట. కోర్టు కాగితాలు చూస్తే ఆ మాట ఇప్పటిదాకా నిలబడింది.

ఇక యాప్ వేసుకున్నాక ఏం చేయాలో. డీఫాల్ట్‌గా వదిలేస్తే సగం లాభమే.

మొదట రిజిస్ట్రేషన్ లాక్. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఇది లేకపోతే మీ నంబరుకు వచ్చే ఎస్సెమ్మెస్ కోడ్ ఎవరి చేతిలో పడితే వాళ్లు మీ ఖాతాను తమ ఫోన్‌లో తెరవగలరు. 2022 ఆగస్టులో జరిగింది ఇదే. సిగ్నల్ తరఫున ఎస్సెమ్మెస్‌లు పంపే ట్విలియో సంస్థలోకి దొంగలు చొరబడ్డారు. సుమారు 1,900 మంది సిగ్నల్ వినియోగదారుల నంబర్లు, కోడ్‌లు బయటపడే పరిస్థితి వచ్చింది. పాత మెసేజ్‌లు మాత్రం పోలేదు, ఎందుకంటే అవి సర్వర్‌లో లేవు, ఫోన్‌లో ఉన్నాయి. కానీ ఆ నంబరుతో కొత్తగా వచ్చే మెసేజ్‌లు దొంగ చేతికి వెళ్తాయి. లాక్ ఉంటే కోడ్ ఒక్కటే చాలదు, మీరు సిగ్నల్‌లో పెట్టుకున్న పిన్ కూడా కావాలి. పిన్ అంటే నాలుగంకెలే అనుకోనక్కర్లేదు, అక్షరాలూ అంకెలూ కలిపి పెట్టుకోవచ్చు. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: ఏడు రోజులు ఆ నంబరుతో సిగ్నల్ వాడకపోతే ఈ లాక్ దానంతటదే వీడిపోతుంది. వదిలేసిన నంబరును టెలికాం కంపెనీ వేరేవాళ్లకు ఇస్తే వాళ్లు శాశ్వతంగా ఇరుక్కుపోకుండా ఈ ఏర్పాటు. అంటే సిమ్ పోయిందని తెలిసిన రోజే డూప్లికేట్ తీసుకోవాలి, వారం ఆగకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడే ఇంకో సంగతి: పిన్ గుర్తుంటే పాత చాట్‌లు తిరిగొస్తాయనుకుంటారు. రావు. పిన్‌తో వచ్చేవి ప్రొఫైల్, సెట్టింగ్స్, కాంటాక్ట్‌ల జాబితా మాత్రమే.

రెండోది ఫోన్ నంబరు. సిగ్నల్ మీద ఏళ్ల తరబడి ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్‌లు వచ్చాక సగం తీరింది. సగమే ఎందుకంటే ఖాతా తెరవడానికి ఇప్పటికీ నంబరు కావాలి. ఇతరులకు కనబడకుండా మాత్రం చేసుకోవచ్చు. ప్రైవసీలో "ఫోన్ నంబర్" తెరిస్తే రెండు ప్రశ్నలుంటాయి: నా నంబరు ఎవరు చూడొచ్చు, నంబరుతో నన్ను ఎవరు వెతకొచ్చు. మొదటిది మామూలుగా "నోబడీ" మీదే ఉంటుంది. రెండోది "ఎవ్రీబడీ" మీద ఉంటుంది. చిల్లు ఇక్కడుంది. మీ నంబరు తెలిసినవాళ్లు ఎవరైనా మీరు సిగ్నల్‌లో ఉన్నారని తెలుసుకోగలరు. అలా తెలియడం కూడా ఇబ్బందే అనుకునేవాళ్లు దాన్నీ "నోబడీ" చేయాలి. ఆ తర్వాత మిమ్మల్ని కొత్తగా చేరడానికి యూజర్‌నేమ్ గానీ, దాని క్యూఆర్ కోడ్ గానీ ఇవ్వడమే దారి. యూజర్‌నేమ్ చాట్‌లో ఎక్కడా కనిపించదు, పరిచయానికి తలుపు లాంటిది. పని అయ్యాక మార్చేస్తే పాత తలుపు మూసుకుపోతుంది, అప్పటికే ఉన్న చాట్‌లకు ఏమీ కాదు. ఒక సభ కోసమో, ఒక వార్త కోసమో పెట్టి ఆ వారమే తీసేయడం మంచి అలవాటు.

నోటిఫికేషన్లు: ఎంత ఎన్‌క్రిప్షన్ ఉన్నా బల్ల మీద బోర్లా పెట్టని ఫోన్ లాక్ స్క్రీన్ మీద "రేపు పదింటికి పత్రాలు తెస్తున్నా" అని పేరుతో సహా వెలిగితే ఏం లాభం? "షో" అన్నచోట "నో నేమ్ ఆర్ మెసేజ్" పెట్టండి.

కాల్స్ విషయంలో తెలియాల్సింది ఒకటుంది. కాంటాక్ట్‌లతో మాట్లాడేటప్పుడు సిగ్నల్ వీలైతే ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా కలుపుతుంది. మాట స్పష్టంగా వినబడుతుంది గానీ అవతలివాళ్లకు మీ ఐపీ అడ్రసు చేరుతుంది. దాన్నిబట్టి మీరు సుమారుగా ఏ ప్రాంతంలో ఉన్నారో చెప్పొచ్చు. ప్రైవసీ, అడ్వాన్స్‌డ్‌లో "ఆల్వేస్ రిలే కాల్స్" పెడితే సర్వర్ మీదుగా పోతుంది. నాణ్యత కొంచెం తగ్గొచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడానికే వాడేవాళ్లకు ఇది అనవసరం.

ఇప్పుడు అసలైన దెబ్బ ఎక్కడ తగులుతోందో చూద్దాం. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ విరగ్గొట్టడం లేదు, పక్కదారిన వస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా పరిశోధకులు బయటపెట్టిన సంగతి: రష్యాతో సంబంధమున్న ముఠాలు యుక్రెయిన్ వాళ్లకు గ్రూపు ఆహ్వానం లాగా కనిపించే క్యూఆర్ కోడ్‌లు పంపాయి. స్కాన్ చేస్తే గ్రూపులో చేరరు, దొంగ కంప్యూటర్ మీ ఖాతాకు "లింక్డ్ డివైస్"గా అతుక్కుంటుంది. ఇక అప్పట్నుంచి వచ్చే ప్రతి మెసేజ్ కాపీ అక్కడికీ పోతుంది, పద్ధతి ప్రకారం ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది! ఇంత పకడ్బందీ తాళం వేసి, దొంగకు కూడా ఒక తాళంచెవి చేయించి ఇచ్చినట్టు. పరీక్ష తేలిక: గ్రూపులో చేరుతున్నామనుకున్నప్పుడు "ఈ డివైస్‌ను లింక్ చేయాలా" అన్న తెర వస్తే అది మోసమే. నెలకోసారి సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. ఐదింటిదాకా ఉండొచ్చు, మీకు గుర్తులేని పేరు ఒక్కటున్నా తీసేయండి.

డెస్క్‌టాప్ యాప్ ఈ కుటుంబంలో బలహీనమైన బిడ్డ. 2024 జూలై దాకా దాని మెసేజ్‌లు దాచే డేటాబేస్ తాళంచెవి పక్కనే ఉన్న ఒక ఫైల్‌లో మామూలు అక్షరాల్లో పడి ఉండేది, "కాన్ఫిగ్ డాట్ జేసన్" అనే ఫైల్ అది. 2018 నుంచీ జనం చెబుతూనే ఉన్నారు. "మీ కంప్యూటర్‌లోకి చొరబడినవాడిని మేమెలా ఆపుతాం" అన్న ధోరణిలో సంస్థ దాన్ని నాన్చింది. రచ్చయ్యాక ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్ర నిల్వకు మార్చారు. మార్కులు తగ్గించాల్సిన చోట ఇది మొదటిది. అదే జట్టు 2025 మేలో విండోస్ 11 "రీకాల్" తెర ఫొటోలు తీయకుండా డెస్క్‌టాప్ యాప్‌లో అడ్డు పెట్టడం మాత్రం చురుకైన పని.

సేఫ్టీ నంబర్ గురించి భయపడేవాళ్లే ఎక్కువ, వాడేవాళ్లు తక్కువ. మధ్యలో వేరేవాళ్లు దూరలేదని సరిచూసుకోవడానికి ఇద్దరి మధ్య ఉండే 60 అంకెల సంఖ్య ఇది, ఐదేసి చొప్పున పన్నెండు గుంపులు. ఎదురెదురుగా కలిసినప్పుడు క్యూఆర్ స్కాన్ చేసి "వెరిఫైడ్" అని గుర్తు పెట్టుకోవడం పది సెకన్ల పని. "సేఫ్టీ నంబర్ మారింది" అని వస్తే తొంభై పాళ్లు అవతలివాళ్లు ఫోన్ మార్చారనో, యాప్ మళ్లీ వేసుకున్నారనో అర్థం. ఆ వెంటనే డబ్బో, పత్రమో అడిగితే మాత్రం మామూలు ఫోన్ చేసి గొంతు విన్నాకే జవాబివ్వండి.

డిసప్పియరింగ్ మెసేజెస్‌ను, అంటే గడువు తీరగానే వాటంతటవే చెరిగిపోయే మెసేజ్‌లను, నాలుగు వారాలదాకా పెట్టుకోవచ్చు. పంపినవాళ్ల దగ్గర గడియారం పంపగానే మొదలవుతుంది, అందుకున్నవాళ్ల దగ్గర చదివాక మొదలవుతుంది. ఇది ఇల్లు ఊడ్చుకోవడం లాంటిదే గానీ కాపలా కాదు. అవతలివాళ్లు ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీస్తే ఏ యాప్ ఏం చేస్తుంది? వెయ్యి మంది దాకా పట్టే గ్రూపుల్లో ఇది రహస్యం కాపాడుతుందనుకోవడం అమాయకత్వం.

గ్రూపులంటే గుర్తొచ్చేది 2025 మార్చి ఉదంతం. యెమెన్ మీద దాడుల గురించి అమెరికా ఉన్నతాధికారులు మాట్లాడుకుంటున్న సిగ్నల్ గ్రూపులోకి ఒక పత్రిక సంపాదకుణ్ని పొరపాటున చేర్చారు. ఎన్‌క్రిప్షన్ తన పని తాను చక్కగా చేసింది, ఆయనకు కూడా. ఇందులో ఇంకో కోణం ఉంది, దానిమీద మాట్లాడినవాళ్లు తక్కువ. పౌరుల మాటలు మాయమైపోవడం హక్కు. ప్రభుత్వ నిర్ణయాల మాటలు మాయమైపోవడం హక్కు కాదు, అవి రికార్డు కావాలి. ఆ లోటు పూడ్చడానికి టెలిమెసేజ్ అనే సంస్థ చేసిన, కాపీలు దాచే సిగ్నల్ నకలు యాప్‌ను అధికారులు వాడితే, అది అదే ఏడాది మేలో హ్యాక్ అయింది. అసలు బలమే ఏమీ దాచకపోవడమైన యాప్‌కు దాచే పెట్టె తగిలిస్తే ఆ పెట్టే దొంగకు గురి అవుతుంది.

ప్రభుత్వాలు చట్టం ద్వారా అడుగుతున్నదీ అలాంటి పెట్టే. యూరోపియన్ కమిషన్ 2022లో తెచ్చిన ప్రతిపాదనలో మెసేజ్‌లను వెతికే ఏర్పాటు, బ్రిటన్ 2023 ఆన్‌లైన్ సేఫ్టీ చట్టంలోని అధికారాలు, భారత్ 2021 ఐటీ నిబంధనల్లోని "మొదట పంపినదెవరో చెప్పాలి" అన్న షరతు... రూపాలు వేరు గానీ అన్నీ ఒకే గోడను తవ్వుతాయి. పిల్లల రక్షణ, వదంతుల అదుపు చిన్న విషయాలేమీ కావు. కానీ పంపకముందే ఫోన్‌లోనే మెసేజ్‌ను తనిఖీ చేసే యంత్రం ఒకసారి కూర్చుంటే, దేన్ని వెతకాలన్న జాబితా ఎవరి చేతిలో ఉంటుందన్నదే ప్రశ్న. బ్రిటన్ చట్టం బలవంతం చేస్తే దేశమే వదిలి వెళ్తామని సిగ్నల్ అధ్యక్షురాలు మెరెడిత్ విటేకర్ ముందే చెప్పారు.

ఇదంతా ఉచితంగా ఎలా నడుస్తోంది? 2018లో వాట్సాప్ సహవ్యవస్థాపకుడు బ్రయాన్ ఆక్టన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో ఫౌండేషన్ మొదలైంది, మిగతాది చందాలు. 2023 నవంబరులో సంస్థే లెక్కలు బయటపెట్టింది: సర్వర్లు, బ్యాండ్‌విడ్త్ వగైరాలకు ఏటా సుమారు 1.4 కోట్ల డాలర్లు, అందులో 60 లక్షలు కేవలం ఖాతా తెరిచేటప్పుడు పంపే కోడ్‌లకే. నంబరు అడగడం వాళ్లకూ ఖరీదైన అలవాటే అన్నమాట. సర్వర్లు పెద్ద క్లౌడ్ కంపెనీలవి. 2025 అక్టోబరులో అమెజాన్ క్లౌడ్ పడిపోయిన రోజు సిగ్నల్ కూడా పడిపోయింది. ఒకే సంస్థ, ఒకే వ్యవస్థ మీద ఆధారపడటం దీని రెండో లోటు.

చివరగా బ్యాకప్, ఎందుకంటే ఏడుపులన్నీ ఇక్కడే. ఏళ్ల తరబడి ఫోన్ పోతే చాట్‌లు పోయినట్టే ఉండేది. 2025 సెప్టెంబరులో సర్వర్‌లో ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ముందుగా ఆండ్రాయిడ్‌లో వచ్చింది. ఉచితంగా 100 ఎంబీ దాకా రాతలు, గత 45 రోజుల ఫొటోలు, వీడియోలు దాస్తుంది. అంతకంటే పాత ఫొటోలు కూడా కావాలంటే నెల చందా. ఇది ఆన్ చేయగానే 64 అక్షరాల రికవరీ కీ చూపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకుంటే ఫోన్‌తోపాటే అదీ పోతుంది. కాగితం మీద నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి రాసి, మళ్లీ ఒకసారి తెరతో పోల్చి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఇంకో ప్రతి ఉంచండి. పోగొట్టుకుంటే సిగ్నల్ వాళ్లను అడిగినా లాభం లేదు, ఆ కీ వాళ్ల దగ్గర కూడా ఉండదు.